ఒకటిన్నర మిల్లీమీటరు

దెబ్బ తగిలింది నా కారు కుడి వెనుక చక్రానికి. అరిగింది మాత్రం రెండు వెనుక టైర్లూ. నా అనుభవమంతా ఈ చిక్కు నుంచే మొదలైంది.

వెనుక టైరు మీద అరచేయి పెట్టి లోపలి అంచు నుంచి బయటి అంచు వైపు నిమిరితే నునుపుగా ఉంది. బయటి నుంచి లోపలికి నిమిరితే రంపం పళ్లలా గుచ్చుకుంది. ఎడమ టైరూ అంతే, కుడి టైరూ అంతే. చక్రం తాను చూస్తున్న దిక్కుకు కాకుండా కొంచెం పక్కకు ఈడ్చుకుంటూ పోతే రబ్బరు ఇలాగే అరుగుతుంది. ఎడమ చక్రం ఎప్పుడూ దేనికీ తగల్లేదు. మరి దానికెందుకు ఈ శిక్ష?

నేను నల్లగొండలో సర్వేయరుగా పని చేస్తున్నాను. 2009 నాటి పెట్రోలు స్విఫ్ట్ ఉంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పందెం జరిగినప్పుడు మా అబ్బాయితో కలిసి వెళ్లి చూశాను. ఆ రోజు నన్ను పట్టుకున్న ఆసక్తి ఇప్పటిదాకా వదల్లేదు. రోడ్డు మీద వేగంగా నడపడం నాకు ఇష్టం లేదు. రాత్రుళ్లు హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు మీద పందేలు వేసుకునే కుర్రవాళ్లను తలచుకుంటే బాధ కలుగుతుంది. పందెమంటే కంచె ఉండాలి, జెండా పట్టుకున్న మనిషి ఉండాలి, అంబులెన్స్ ఉండాలి, నియమాల పుస్తకం ఉండాలి. అందుకే భారత మోటారు క్రీడల సమాఖ్య లైసెన్సు తీసుకుని, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఔత్సాహికులకు జరిగే టైమ్ ట్రయల్‌లో పేరు ఇచ్చాను. అక్కడ కార్లు ఒకదానితో ఒకటి రాసుకుంటూ పరుగెత్తవు. ఒక్కొక్కరు ఎంత సమయంలో చుట్టు పూర్తి చేశారన్నదే లెక్క. నాది కంపెనీ నుంచి వచ్చిన కారును వచ్చినట్టే నడిపే స్టాక్ తరగతి.

ఆ ట్రాక్ 1990లో మొదలైంది. చుట్టు పొడవు 3.717 కిలోమీటర్లు. అంతకు ముందు మద్రాసు వాళ్లు షోలవరంలో విమానాల పాత రన్‌వే మీద పందేలు నడిపేవారు. మొదటిసారి వెళ్లినప్పుడు నా కారు కుడి మలుపుల్లో బుద్ధిగా తిరిగింది. ఎడమ మలుపుల్లో మాత్రం బ్రేకు మీద నుంచి కాలు తీయగానే వెనుక భాగం బయటికి జారేది. ఒకసారి పూర్తిగా తిరిగిపోయి, వచ్చిన దారికేసి ముఖం పెట్టి ఆగాను. ట్రాక్ భద్రత చూసే మార్షల్ పరుగున వచ్చి నేను బాగానే ఉన్నానో లేదో చూసుకుని, కారును గడ్డిలోంచి బయటికి తీయించాడు. అప్పటికి నేను దాన్ని నా చేతకానితనమనే అనుకున్నాను.

కారణం అంతకు ఎనిమిది నెలల ముందుది. ఒక రాత్రి నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డులో వరిగడ్డి ట్రాక్టరు వెనుక దీపం లేకుండా నిలబడి ఉంది. తప్పించి మళ్లీ ఎడమకు తిప్పేసరికి కారు వెనుక భాగం కుడికి జారి, చక్రం డివైడరు రాయిని పక్క నుంచి తాకింది. రిమ్ము అంచు చొట్టపడింది. రిమ్ము మార్చి, చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ చేయించి మరచిపోయాను. ఆ దుకాణంలో ఇచ్చిన కాగితం మీద ముందు చక్రాల అంకెలు పచ్చగా, వెనుక చక్రాలవి ఎర్రగా ఉన్నాయి. ఎందుకని అడిగితే, “వెనుకది అడ్జస్ట్ కాదు సార్, ముందుది చేసేశాం, స్టీరింగ్ నిటారుగా ఉంది చూడండి” అన్నారు. నిజంగానే స్టీరింగ్ నిటారుగా ఉంది. అక్కడే మోసపోయాను. వాళ్లు నన్ను మోసగించలేదు, నిటారుగా ఉన్న ఆ స్టీరింగే మోసగించింది. వెనుక ఇరుసు ఏ దిక్కుకు నెడుతుందో ముందు చక్రాలను కూడా అదే దిక్కుకు సర్దితే స్టీరింగ్ తిన్నగానే కనిపిస్తుంది. కారు మాత్రం పీతలా కొంచెం ఏటవాలుగా నడుస్తుంది.

స్విఫ్ట్ లాంటి చిన్న కార్లలో వెనుక రెండు చక్రాలను కలుపుతూ ఒక ఇనుప దూలం ఉంటుంది. వెనుక ఇరుసు అదే, దాన్ని టోర్షన్ బీమ్ అంటారు. రెండు చేతులు ముందుకు చాచి బాడీకి రబ్బరు బుష్‌లతో అతుక్కుని ఉంటుంది. ధర తక్కువ, స్థలం తక్కువ తీసుకుంటుంది, చాలాకాలం మన్నుతుంది. ముందు చక్రాలకు ఉన్నట్టు దీనికి తిప్పి సర్దుకునే మర ఏదీ ఉండదు. ఫ్యాక్టరీలో ఏ కోణంలో తయారైందో అదే దాని జీవితకాలపు కోణం.

కొలవాలి. కొలవడం నా వృత్తి, కాబట్టి దుకాణం యంత్రం మీద ఆధారపడకుండా నా చేత్తో కొలుచుకోవాలనిపించింది. చదునైన నేల ఎక్కడ దొరుకుతుంది? మా బావమరిదికి మిర్యాలగూడలో రైసుమిల్లు ఉంది. గోదాములో నున్నటి సిమెంటు నేల, బయట ధాన్యం ఆరబోసే కల్లం. సీజను కానప్పుడు ఆ గోదాము సగం ఖాళీగా ఉంటుంది. ఒక ఆదివారం ఉదయం కారు అక్కడికి తీసుకెళ్లాను.

మొదట కల్లం మీద నీళ్లు చల్లి, ఆ తడి మీదుగా కారును తిన్నగా పొడి నేల మీదికి నడిపించాను. నాలుగు టైర్ల జాడలు పడ్డాయి. ముందు జాడల మధ్య బిందువు, వెనుక జాడల మధ్య బిందువు సుద్దతో గుర్తు పెట్టి కొలిస్తే, వెనుక భాగం ముందు భాగం కంటే దాదాపు 12 మిల్లీమీటర్లు కుడికి జరిగి నడుస్తోంది. బావమరిది సుద్ద గీతల మీద వంగి చూసి, “ఇంత వంకరగా నడుస్తున్న కారులో మా అక్కను తిప్పుతున్నావా బావా?” అన్నాడు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది.

తరువాత అసలు కొలత. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో నాలుగు చక్రాల కింద నేల మట్టం చూశాను. ఒక మూల మూడు మిల్లీమీటర్లు తక్కువగా ఉంటే అట్టముక్కలు, రేకు పెట్టి సరిచేశాను. వెనుక చక్రాల కింద గచ్చుపలకలు రెండేసి, నునుపు ముఖాలు ఒకదానికొకటి ఆనించి మధ్యలో గ్రీజు రాసి పెట్టాను. జాకీ మీద నుంచి దించిన చక్రం పక్కకు బిగుసుకుపోకుండా తన సహజ స్థానంలోకి జారడానికి అది అవసరం. డిక్కీని నాలుగుసార్లు గట్టిగా నొక్కి వదిలాను. డ్రైవరు సీటులో నా బరువుకు సమానంగా బియ్యం బస్తాలు పెట్టాం. ఒకటిన్నర బస్తా పట్టింది.

దారాలకు రెండు చదరపు పైపులు తీసుకుని, రెండింటికీ ఒకే దూరంలో రంపంతో గాట్లు పెట్టాను. ఒక పైపు కారు ముందు, ఒకటి వెనుక స్టూళ్ల మీద. గాట్లలోంచి చేపల గాలపు దారం రెండు వైపులా చక్రాల మధ్య ఎత్తులో లాగి కట్టాను. గాట్ల మధ్య దూరం ఒకటే కాబట్టి దారాలు సమాంతరంగా ఉంటాయి. ఇక ఆ దారాల చట్రం కారుకు సరిగ్గా మధ్యలో ఉండేలా పైపులను జరపాలి. ముందు హబ్బు, అంటే చక్రం నడిమి భాగం, నుంచి దారానికి ఉన్న దూరం ఎడమా కుడీ సమానం కావాలి, వెనుకా అలాగే కావాలి. ముందు దూరం, వెనుక దూరం ఒకటి కానక్కరలేదు. ముందు చక్రాల మధ్య వెడల్పు, వెనుక చక్రాల మధ్య వెడల్పు వేరు. ఈ తేడా తెలియక దారాన్ని నాలుగు చక్రాలకూ ఒకే దూరంలో కట్టేసి తప్పు లెక్క తెచ్చుకునేవాళ్లు ఉంటారు. దీనికే గంటన్నర పట్టింది. ఒక పైపు జరిపితే రెండోది చెడుతుంది.

అప్పుడు స్టీలు స్కేలుతో దారం నుంచి రిమ్ము ముందు అంచుకు, వెనుక అంచుకు దూరం తీసుకున్నాను. రిమ్ము అంచు నుంచి అంచుకు 382 మిల్లీమీటర్లు. ఒకసారి కొలిచాక చక్రాన్ని అర చుట్టు తిప్పి మళ్లీ కొలిచి సగటు తీశాను. రిమ్ములో వంకర ఉంటే అది కొలతలోకి రాకుండా పోతుంది. థియోడలైటుతో పని చేసినవాళ్లకు ఇది కొత్త కాదు. ముఖం తిప్పి రెండోసారి చదవనిదే ఏ కోణాన్నీ పుస్తకంలో రాసుకోం.

ఎడమ వెనుక చక్రం ముందు అంచు 1 మిల్లీమీటరు లోపలికి ఉంది. దీన్ని టో-ఇన్ అంటారు, కాలి బొటనవేలు లోపలికి తిప్పి నిలబడినట్టు. కుడి చక్రం ముందు అంచు 3 మిల్లీమీటర్లు బయటికి ఉంది. అది టో-అవుట్. డిగ్రీల్లో ఎడమ 0.15 లోపలికి, కుడి 0.45 బయటికి. అంటే రెండు చక్రాలూ కుడి దిక్కే చూస్తున్నాయి. రెండింటి తేడాలో సగం, 0.30 డిగ్రీ, ఇరుసు నెట్టే దిక్కు. ముందు, వెనుక చక్రాల మధ్య పొడవు 2,390 మిల్లీమీటర్లకు ఆ కోణం పన్నెండున్నర మిల్లీమీటర్ల జరుగుడు. కల్లం మీద తడి జాడలు చూపించిన అంకె! రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే రాయి దగ్గర కలిసినప్పుడు సర్వేయరుకు కలిగే తృప్తి మరెవరికీ అర్థం కాదు.

ఎడమ టైరు ఎందుకు అరిగిందో కూడా ఇక్కడే తేలింది. కారు రోడ్డు మీద ఇరుసు నెట్టిన దిక్కులోనే పోతుంది కదా. ఆ దిక్కుతో పోలిస్తే కుడి చక్రం 0.15 బయటికి, ఎడమ చక్రమూ 0.15 బయటికి. తప్పు ఒక చక్రానిదే అయినా నడకలో రెండూ సగం సగం పంచుకుంటున్నాయి. ఒక్కొక్క టైరు ప్రతి కిలోమీటరుకూ రెండున్నర మీటర్లకు పైగా పక్కకు ఈడ్చుకుంటోందన్నమాట. ఎడ్లబండికి కట్టిన జతలో ఒక ఎద్దు పక్కకు లాగితే రెండోదాని మెడ కూడా ఒరుసుకుపోయినట్టు.

అయితే ఎడమ మలుపుల్లోనే కారు జారడానికి ఈ టో ఒక్కటే కారణం కాదు. అది రెండు వైపులా వెనుక భాగాన్ని నిలకడ లేకుండా చేస్తుంది. గుండు దారం వేలాడదీసి చక్రాల వాలు చూశాను. ఎడమ చక్రం పైభాగం కింది భాగం కంటే 6.5 మిల్లీమీటర్లు లోపలికి వాలి ఉంది. కుడిది 2.5 మాత్రమే. డివైడరు రాయి చక్రం కింది భాగాన్ని లోపలికి నెట్టేసింది. ఎడమ మలుపులో బరువంతా కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు ఆ చక్రం తగినంత లోపలికి వాలి ఉండకపోతే టైరు బయటి అంచు మీదికి దొర్లి పట్టు వదిలేస్తుంది. ట్రాక్‌లో నేను తిరిగిపోయిన మలుపు కళ్ల ముందుకు వచ్చింది.

సరిచేసే మార్గాలు మూడు. జాకీ పెట్టి ఇరుసును వెనక్కి వంచవచ్చు. వంగిన ఇనుమును మళ్లీ వంచితే ఎక్కడ పగులు మొదలవుతుందో ఎవరికీ కనిపించదు, అందుకు నేను ఒప్పుకోలేదు. ఇరుసు మొత్తం మార్చవచ్చు, ఖరీదైన పని. మూడోది షిమ్. చక్రం తిరిగే పొట్టి కడ్డీ, స్టబ్, ఇరుసు చివర నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ మధ్యలో ఏటవాలుగా కోసిన పలుచని రేకు పెడితే చక్రం కోణం మారుతుంది. నా లెక్కకు వెనుక కింది మూలలో ఒకటిన్నర మిల్లీమీటరు మందం, ముందు పై మూలలో శూన్యం. కొందరు రెండు బోల్టుల కింద వాషర్లు దూర్చేస్తారు. అలా చేస్తే స్టబ్ మొత్తం ముఖం ఆనక, అంచుల మీద నిలబడి బోల్టులు వంగుతాయి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

లేతు పనివాడి చేత పూర్తి ముఖం ఆనేలా ఏటవాలు రేకు చేయించాను. నల్లగొండలో మా మెకానిక్ అన్న షెడ్డులో బిగించాం. మళ్లీ మిల్లుకు వెళ్లి కొలిస్తే కుడి చక్రం కూడా 1 మిల్లీమీటరు లోపలికి, వాలు కూడా ఎడమతో దాదాపు సమానం. తిరుగు ప్రయాణంలో కారు రోడ్డును పట్టుకుని నడిచింది. దామరచర్ల వైపు వెళ్లే సిమెంటు లారీలు ఎదురై గాలి కొట్టినా అదరలేదు. ఎనిమిది నెలలుగా నా చేతులు తెలియకుండానే సర్దుకుంటున్న ఒక చిన్న తడబాటు మాయమైంది.

ఆ సంతోషంలో నియమాల పుస్తకం తీసి మళ్లీ చదివాను. చదవకుండా ఉంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ని.

స్టాక్ తరగతి నియమం స్పష్టంగా ఉంది. సస్పెన్షన్ భాగాలు తయారీదారు ఇచ్చినవే ఉండాలి, పాడైతే అవే భాగాలతో మార్చాలి. చక్రాల కోణాలను తయారీదారు ఇచ్చిన సర్దుబాటు మేరకు మార్చుకోవచ్చు. పుస్తకం మొదట్లోనే, అనుమతి ఉందని రాయని ప్రతిదీ నిషిద్ధమని ఉంది. నా కారులో వెనుక సర్దుబాటు అనేదే లేదు. రేకు తయారీదారు ఇచ్చిన భాగం కాదు.

మనసు వాదించింది. నేను కారును మెరుగుపరచలేదు కదా, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి కోణానికే తెచ్చాను. బావమరిదితో చెబితే, “బ్రేకు డ్రమ్ము వెనుక ఒకటిన్నర మిల్లీమీటరు రేకు ఎవరు చూస్తారు బావా?” అన్నాడు. చూడరు. అది నాకూ తెలుసు. అందుకే నిర్వాహకుల సాంకేతిక విభాగానికి ఉత్తరం రాశాను. కొలతలన్నీ, రేకు ఫొటో, చక్రానికి తగిలిన దెబ్బ కథ, అన్నీ పెట్టాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. మీ ఉద్దేశం అర్థమైంది, కానీ స్టాక్ తరగతిలో షిమ్ అనుమతించలేం, మార్పులు చేసుకునే పై తరగతిలో పాల్గొనవచ్చు, లేదా ఒరిజినల్ ఇరుసు మార్చుకోండి అని.

ఆ రోజంతా కోపంగానే ఉన్నాను. పై తరగతిలో సీట్లు పీకేసి, ఇంజిన్లు విప్పి మళ్లీ కట్టుకున్న కార్లు ఉంటాయి. వాటి మధ్య నా పాత స్విఫ్ట్ ఏం చేస్తుంది? వంగిన ఇరుసుతో పోటీ చేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు, తిన్నగా చేస్తే తప్పా అని ఇంట్లో అందరితోనూ వాదించాను.

ఆ వారమే నకిరేకల్ దగ్గర ఒక ఊళ్లో హద్దుల పని పడింది. అన్నదమ్ముల పిల్లల మధ్య ఒక హద్దురాయి తగాదా. పెద్దాయన నా చేయి పట్టుకుని, “దుక్కిలో రాయి పడిపోయింది సారూ, ఎక్కడ ఉండేదో నాకు తెలుసు, నేనే తీసి అక్కడే పాతాను, ఒక్క జానెడు కూడా జరపలేదు” అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదని నాకు అనిపించింది. అయినా ఆ రాయిని నేను లెక్కలోకి తీసుకోలేదు. పొలం కొలతలు రాసి ఉండే పాత పటం, టిప్పన్, తెప్పించి, మూడు ఊళ్ల హద్దులు కలిసే ముక్కూడలి రాయి దగ్గర నుంచి కొలుచుకుంటూ వచ్చి, కొత్తగా రాయి పాతించాను. పాత స్థానానికి, నా స్థానానికి తేడా నాలుగు అంగుళాలు కూడా లేదు. పెద్దాయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నేను నిజమే చెప్పాను కదా సారూ అన్నాడు. అవును తాతా, నిజమే చెప్పావు, కానీ రేపు ఇంకొకరు ఇదే మాట చెప్పి ఒక గుంట జరిపితే ఆ రాయికీ నీ రాయికీ తేడా నేనెలా కనిపెట్టాలి అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక కొంతసేపు కొలత గొలుసు చుట్టుకుంటూ అక్కడే నిలబడిపోయాను.

ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లను ట్రాక్‌లో వేగంగా తిప్పడానికి కొందరు కావాలనే వెనుక చక్రాలకు కొంచెం టో-అవుట్ పెడతారు. వెనుక భాగం తేలిగ్గా తిరిగి ముక్కు మలుపులోకి దూరుతుంది. అందుకు వాడేదీ ఇలాంటి రేకే. నాది మరమ్మతు రేకు, వాళ్లది లాభం కోసం పెట్టిన రేకు. రెండూ ఇనుమే, రెండూ డ్రమ్ము వెనుకే ఉంటాయి. పరీక్షించే అధికారి చేతిలో టార్చి ఉంటుంది తప్ప మనసులోకి చూసే అద్దం ఉండదు. పైగా రేకులు అనుమతిస్తే ప్రతివాడూ నాలుగు రకాల రేకులు చేయించుకుని, ప్రతి పందేనికీ మార్చుకుంటూ, కొలత పరికరాలు కొనుక్కుంటూ పోతాడు. తక్కువ ఖర్చుతో ఆడుకోవడానికి పెట్టిన తరగతి డబ్బున్నవాళ్ల తరగతి అవుతుంది. ఈ క్రీడలో ఇప్పుడిప్పుడే అడుగుపెట్టే మా నల్లగొండ, మహబూబ్‌నగర్ పిల్లలకు ఆ తలుపు మూసుకుపోకూడదు. నియమం నన్ను అడ్డుకున్నది నిజమే, కానీ అది కాపాడుతున్నది కూడా నాలాంటి వాణ్నే.

రేకు తీసేశాను. కొత్త ఇరుసు ధర నాకు అందుబాటులో లేదు. ముందు భాగం గుద్దుకుని పాడైన కార్ల నుంచి విప్పిన ఇరుసుల కోసం హైదరాబాద్‌లో పాత విడిభాగాల దుకాణాలు తిరిగాను. నియమం ఒరిజినల్ భాగం అంటుంది కానీ కొత్తది కావాలని అనదు. దీన్ని కూడా ఉత్తరం రాసి అడిగి తెలుసుకున్నాను.

విడిగా ఉన్న ఇరుసును కొనే ముందే కొలవవచ్చు. రెండు చివర్ల ముఖాలకు రెండు తిన్నని యాంగిల్ ఇనుప పట్టీలు బోల్టులతో బిగించి, ముందు చివరల మధ్య దూరం, వెనుక చివరల మధ్య దూరం టేపుతో చూస్తే మొత్తం టో తెలిసిపోతుంది. పట్టీలు ఎంత పొడవుంటే తేడా అంత స్పష్టంగా కనిపిస్తుంది. నేను మీటరు పొడవువి తీసుకెళ్లాను. మొదట చూసిన ఇరుసుకు కొత్తగా నల్లరంగు వేసి ఉంది, పట్టీలు బిగిస్తే వెనుక కంటే ముందు దూరం ఎక్కువ వచ్చింది. అదీ దెబ్బ తిన్నదే. దుకాణదారు నన్ను వింతగా చూశాడు. మూడో దుకాణంలో తుప్పు పట్టి, మట్టి అంటుకుని ఉన్న ఒక ఇరుసు సరిగ్గా ఉంది. రంగు లేని దాన్నే కొన్నాను.

బిగించేటప్పుడు మా మెకానిక్ అన్నతో చిన్న వాదన జరిగింది. లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగానే బుష్ బోల్టులు గట్టిగా బిగించేయబోయాడు. అలా చేస్తే కారు నేల మీదికి దిగాక రబ్బరు మెలితిరిగి ఉంటుంది, కొన్నాళ్లకు చిరుగుతుంది, కారు నిలబడే ఎత్తు కూడా మారుతుంది. వదులుగా పెట్టించి, కారును చక్రాల మీద నిలబెట్టాక కిందికి దూరి బిగించాం. బిగించే ముందు బోల్టు రంధ్రాల్లో ఉండే కొద్దిపాటి వదులులోనే ఇరుసును ఎడమ వైపు ఒక వెంట్రుక మందం ముందుకు నెట్టాం. ఏ భాగమూ చేర్చలేదు, ఏ రంధ్రమూ పెద్దది చేయలేదు. బ్రేకు గొట్టాలు కలిపి, గాలి తీసి, హ్యాండ్ బ్రేకు తీగ సర్దాం.

మిల్లులో చివరి కొలత: ఎడమ 1 లోపలికి, కుడి 1.5 లోపలికి. ఇరుసు నెట్టే దిక్కు 0.04 డిగ్రీ. ఈసారి దారాలు కట్టడానికి బావమరిది కూడా చేయి వేశాడు. ముందు చక్రాలను దీనికి సరిపడా మళ్లీ సర్దాం. కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి, ఏ రోజు, ఏ నేల మీద, ఎంత గాలితో, సీటులో ఎంత బరువుతో తీశానో కూడా రాసి సంతకం పెట్టాను. ఎవరూ అడగలేదు, నాకే కావాలనిపించింది.

చెన్నైకి కారు నడుపుకుంటూనే వెళ్లాను. వాడపల్లి వంతెన మీద కృష్ణ దాటి, పిడుగురాళ్ల, నరసరావుపేట, అద్దంకి మీదుగా జాతీయ రహదారి ఎక్కి, ఒంగోలు, నెల్లూరు దాటి వెళ్లేసరికి రాత్రయింది. దారి పొడవునా స్టీరింగ్ మీద రెండు వేళ్లు చాలు అన్నట్టు నడిచింది.

మర్నాడు పొద్దున్నే స్క్రుటినీ, అంటే పోటీకి ముందు కారు తనిఖీ. హెల్మెట్, సీటు బెల్టు, బ్యాటరీ బిగింపు, లాగడానికి కొక్కెం, బ్రేకు దీపాలు, టైర్లు, ఇంజిన్ నూనె కారడం, అన్నీ చూశారు. నా పేరు చదవగానే ఒక అధికారి, “ఉత్తరం రాసింది మీరేనా?” అని ఇంగ్లిషులో అడిగారు. కుడి వెనుక చక్రం, డ్రమ్ము విప్పమన్నారు. విప్పాను. టార్చి వేసి, ఇరుసు ముఖానికీ స్టబ్‌కూ మధ్య సందు కొలిచే పలుచని ఫీలర్ గేజ్ దూర్చి చూశారు. దూరలేదు. ఎడమ వైపు కూడా అడిగారు. నా కొలతల కాగితం తీసుకుని పూర్తిగా చదివి, తిరిగి ఇచ్చి స్టిక్కరు అంటించారు. నాకు ఆ రోజు దక్కిన గౌరవం అదే. చుట్టు సమయం రెండు సెకన్లకు పైగా తగ్గింది కానీ, దానికంటే ఆ కాగితాన్ని చివరిదాకా చదవడమే నాకు ఎక్కువ సంతోషం కలిగించింది.

నా వెనుక నిలబడిన కుర్రవాడి కారులో మాత్రం ఎడమ చక్రం వెనుక రెండు వాషర్లు దొరికాయి. అతనికి తెలియదు, పాత యజమాని పెట్టించినవి. ఆ మాట నేను నమ్మాను. అధికారులు కూడా నమ్మినట్టే మాట్లాడారు. అయినా అతన్ని పై తరగతికి మార్చారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర తలవంచుకుని కూర్చుంటే, పక్కన కూర్చుని దారాల పద్ధతి కాగితం మీద గీసి చూపించాను. అతనికి తెలుగు రాదు, నాకు తమిళం రాదు. దారం, చక్రం, స్కేలు బొమ్మలే సరిపోయాయి. తంజావూరు దగ్గర వాళ్ల మేనమామకు కూడా రైసుమిల్లు ఉందట. గోదాము నేల ఫొటో పంపించాడు. మంచి నేల.

ఇప్పుడు నా ఆలోచన ముందు చక్రాల మీద ఉంది. చక్రాన్ని మోసే స్ప్రింగు కడ్డీని, అంటే స్ట్రట్‌ను, బిగించే బోల్టుల వదులులో చక్రాన్ని లోపలికి లాగి బిగిస్తే వాలు కొంచెం పెరుగుతుంది. అది తయారీదారు ఇచ్చిన సర్దుబాటు కిందికి వస్తుందా, రాదా అని నిర్వాహకులకు మళ్లీ రాశాను. జవాబు వచ్చేదాకా ఆ బోల్టుల జోలికి పోలేదు.